నాగ్‌పాడా ఇంకుతో అవ్వ పాటలు

ఈ మధ్య వస్తున్న ప్లాస్టిక్ బట్టల క్లిప్పులు ఎందుకూ పనికిరావు. వానాకాలం దాటేసరికి సగం విరుగుతాయి. మిగతా సగానికి చేతిరుమాలే బరువు. మా రోజుల్లో, మన తెలుగువాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ కామాటిపురాలో కట్టె క్లిప్పులు దొరికేవి. ఒకసారి పట్టాయంటే తడి దుప్పటినైనా వదిలేవి కావు. ఆ క్లిప్పులతోనే మేము ఒక ఏడాది మా అవ్వ పాటలు ఆరేశాం.

ఎనభైల నడిమి సంగతి. వరసగా ఒంటి గదులుండే చాల్ రెండో అంతస్తులో, వరండా లాంటి గ్యాలరీ చివరి ఖోలీ మాది. ఉన్న ఒక్క గదిలో నాయన, అమ్మ, అవ్వ, నేను, మంచం కింద కాగితాలకు నకళ్లు తీసే ఒక సైక్లోస్టైల్ మిషను కాపురం ఉండేవాళ్లం. నాయన ప్యూనుగా చేసే ఆఫీసుకు కొత్త మిషను వచ్చింది. పాతది పారేస్తామంటే ఆయన దాన్ని టాక్సీలో ఇంటికి తెచ్చాడు. "దేనికది?" అని అడిగింది అమ్మ. "ఉండనీ" అన్నాడు నాయన. అది ఉంది. దాని మీద చీపురు కూడా ఉండేది.

దాన్ని బయటికి తీయాల్సి వచ్చింది అవ్వ గొంతు వల్ల. మా గల్లీ బతుకమ్మకు ఎన్నో ఏళ్లుగా పాట ఎత్తుకునేది అవ్వే. మిగతా ఆడవాళ్లకు చివరి మాట అందుకోవడం వచ్చు, చప్పట్లు వచ్చు. ముందు మాట మాత్రం ఆమె నోట్లోంచి రావాలి. రెండు చరణాలు కాగానే అందరి ముఖాలూ ఆమె వైపు తిరిగేవి. ఆ చలికాలం గొంతు పట్టేసింది, మళ్లీ విడవలేదు. గొంతులో ఏదో కాయ కాసిందని, ఇక గట్టిగా మాట్లాడొద్దని ఆస్పత్రి డాక్టరు చెప్పాడు. అవ్వ ఆయనకు జవాబు చెప్పింది గానీ ఆయనకు వినపడలేదు.

"కాయితం మీద పెట్టురా. చదువుకున్న పిల్లలున్నరు, చూసి ఎత్తుకుంటరు. లేకుంటే ఈయేడు బతుకమ్మ మూగదైతది" అంది నాతో, గుసగుసగా.

నేనప్పుడు బీకాం చదువుతున్నాను. పాటను కాగితం మీద పెట్టడానికి బీకాం ఏ విధంగానూ పనికిరాదు గానీ, గల్లీ వెనకున్న మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివినవాణ్ణి కాబట్టి రాయడం నా వంతయింది. మా తర్వాతి పిల్లలు ఆ బడికి వెళ్లడం మానేసి మరాఠీ బడికి వెళ్తున్నారు. దగ్గరని కొందరు, ఉద్యోగాలని కొందరు. దాని గురించి చాల్‌లో ఎవరూ సభ పెట్టలేదు.

మధ్యాహ్నాలు గ్యాలరీలో కూర్చునేవాళ్లం. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద ఇనప ములికితో గీయాలి. గీసినచోట సందు పడుతుంది. మిషన్లో ఆ సందుల్లోంచి ఇంకు దిగి తెల్లకాగితం మీద అక్షరం అవుతుంది. తెలుగు అక్షరాలకు ఇందులో ఒక చిక్కుంది. సున్నా పూర్తిగా చుట్టామా, మధ్య ముక్క ఊడిపోయి నల్లటి మచ్చ పడుతుంది. మన అక్షరాల్లో సున్నా లేనిది ఏదో మీకే తెలుసు. కాబట్టి ప్రతి గుండ్రాన్నీ కాస్త తెరిచి వదిలేశాను. పేజీ నిండా సగం నమిలి వదిలిన జంతికలు పరిచినట్టుండేది.

అవ్వ పాటను ఉత్త మాటల్లా చెప్పలేదు. చప్పట్లు కొడితేనే ఆమెకు మాట వచ్చేది. మోకాలి మీద మెల్లగా తట్టుకుంటూ ఊపిరితోనే పాడేది. కింద టాక్సీ హారన్లు, పక్క ఖోలీలో కుట్టుమిషను చప్పుడు. వాటి మధ్య ఆ ఊపిరి ఎక్కడ ఆగి ఎక్కడ మొదలవుతోందో చూస్తూ రాసేవాణ్ణి. ఒక్కోసారి నేను గీస్తున్నది పాటనా, గాలినా అనిపించేది. ప్రతి చరణం చివరా ఒకే మాట వస్తుంది కదా అని ఒకచోట రెండు గీతలు పెట్టాను. ఆమెకు అక్షరం రాదు గానీ గీతలు తెలుసు.

"ఇవేంది?"

"పై మాటే మళ్లీ అని గుర్తవ్వా."

"గీతలు పాడుతరారా ఎవరన్నా? మాట రాయి."

మాటే రాశాను.

ఇక ఇంకు. కంపెనీ ఇంకు కంపెనీ వాళ్ల దుకాణంలోనే దొరికేది. దాని ధర ఆఫీసుల కోసం పెట్టిందే తప్ప అవ్వల కోసం కాదు. పక్క పేట నాగ్‌పాడాలో ఒకతను ఖాళీ ట్యూబులు మళ్లీ నింపి ఇస్తాడని నాయనకు ఎవరో చెప్పారు. పరుపులు కుట్టే దుకాణానికీ స్కూటర్ల షెడ్డుకూ మధ్య, తలుపు వెడల్పంత చోటులో ఉన్నాడతను. మా పాత ట్యూబు అడుగు కత్తిరించాడు. డబ్బాలోంచి నల్లటి ముద్ద గరిటెతో తీసి అందులోకి జార్చాడు. అడుగు మడిచి పట్టకారుతో నొక్కాడు. పైన కంపెనీ బొమ్మ అలాగే ఉంది. అటూ ఇటూ తిప్పి చూసి నాయన చాలా సంతోషపడ్డాడు.

"ఆరిపోతుందా?" అని అడిగాడు హిందీలో.

"కంపెనీ మాల్ ఆరిపోతుంది భాయ్. నాది జన్మలో ఆరదు" అన్నాడతను, గుండె మీద చెయ్యేసుకుని.

అతను అబద్ధం చెప్పలేదు.

ఆదివారం పొద్దున మిషను పిడి నేను తిప్పాను, నాయన కాగితాలు అందించాడు. అక్షరాలు నల్లగా, నిగనిగలాడుతూ వచ్చాయి. వేలు పెడితే వేలు నల్లబడింది. సాయంత్రం పెట్టినా అంతే, మర్నాడు పెట్టినా అంతే. దాంతో గ్యాలరీలో తీగలు కట్టి, చాల్‌లో ఉన్న కట్టె క్లిప్పులన్నీ పోగుచేసి, కాగితాలు ఆరేశాం. మా ఖోలీ నుంచి మెట్ల దాకా పాటలే.

ఆ రోజులు నాకిప్పటికీ కలలో వచ్చినట్టే వస్తాయి. నల్లముద్దలో నూనె ఎక్కువైందేమో, ప్రతి అక్షరం చుట్టూ పసుపు పచ్చగా పాకింది. పడమటి ఎండ అందులోంచి దూరితే కాగితాలన్నీ లోపల దీపం పెట్టినట్టు వెలిగేవి. గాలి వస్తే వరుసంతా ఒకేసారి లేచి, ఒకేసారి వాలేది. అక్షరాల నీడలు గోడల మీద, నీళ్ల డ్రమ్ముల మీద, అవ్వ తెల్లచీర మీద నడిచేవి. ఆమె స్టూలు వేసుకుని వాటి కింద కూర్చునేది, పందిట్లో కూర్చున్నట్టు. ఒక్కో కాగితాన్నీ వేలితో తాకి, నల్లబడ్డ వేలు చూసుకుని, "ఇది నాదే" అనేది.

పక్క ఖోలీ పెద్దమ్మకు ఈ కల రాలేదు.

"ఏమే అత్తా, మా ఇంటాయన ధోతి మీద సగం పాట అంటింది. ఆయన గూడ బతుకమ్మ ఆడాలెనా ఏంది?"

"ఆడమను. మగ గొంతన్నా ఉంటది" అంది అవ్వ గుసగుసగా. అది నేను పెద్దమ్మకు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పెద్దమ్మ నవ్వి, ధోతి తీసి వేరే తీగ మీద వేసుకుంది.

పెద్దమ్మ కూతురు అప్పుడు మరాఠీ బడిలో పదో తరగతి. మంచి గొంతు. గ్యాలరీ ఆ చివర నుంచి మరాఠీలో స్నేహితురాలిని తిడితే ఈ చివర పాలు విరిగేవి. పాట ఎత్తుకోవడానికి అవ్వ ఎంచుకున్నది ఆ పిల్లనే. ఒకసారి ఆ పిల్ల తడి కాగితానికి అరచెయ్యి అద్ది, చెయ్యి నిండా పడ్డ అక్షరాలు అందరికీ చూపించి నవ్వింది. "చూసినవా, పిల్లకు ఎంత ఇష్టమో" అంది అవ్వ నాతో.

పండుగ దగ్గరికొచ్చింది. ఇంకు మాత్రం మాట మీద నిలబడింది. ఇక లాభం లేదని నాయన కాగితాలన్నీ దించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఇస్త్రీపెట్టె పెట్టాడు. మర్నాడు తీసి చూస్తే ప్రతి కాగితం వెనకా కిందదాని పాట తిరగబడి, అంతే నల్లగా దిగింది. "ఒక కాయితానికి రెండు పాటలు" అన్నాడు నాయన. ఆయన ఎప్పుడూ నష్టాన్ని నష్టంగా చూడలేదు.

ఆ సాయంత్రం చాల్ ముందున్న చదునులో బతుకమ్మను పెట్టారు. తంగేడు దొరకదు కాబట్టి మార్కెట్ బంతిపూలే, ఎప్పట్లాగే. అమ్మలు, పెద్దమ్మలు చుట్టూ నిలబడి కొంగులు బిగించారు. అవ్వ తన స్టూలు మీద కూర్చుంది. నేను కాగితాలు పంచాను. ఆడవాళ్లు చప్పట్లకు చేతులెత్తి, అలవాటుగా అవ్వ వైపు చూశారు. అవ్వ పెద్దమ్మ కూతురి వైపు చూసింది.

"ఎత్తుకో బిడ్డా" అంది. వినపడలేదు గానీ అందరికీ అర్థమైంది.

ఆ పిల్ల కాగితాన్ని దీపం దగ్గర పట్టుకుంది. వెనక్కి తిప్పింది. మళ్లీ ముందుకు తిప్పింది.

"అవ్వా, ఏ దిక్కు పాట, ఏ దిక్కు మరక? నాకు రెండూ ఒక్కతీరే కనబడుతున్నయ్."