నల్లప్ప వ్యానులో మూడో తీగ

రెండువేల రెండో సంవత్సరం చలికాలమంతా పుంగనూరులో నల్లప్ప వ్యానును తోసినవాళ్ళలో అందరికంటే ముందుండేవాడు మునిరాజ. పిలవకపోయినా వచ్చేవాడు. చొక్కా గుండీలు దారిలోనే పెట్టుకుంటూ వచ్చేవాడు. పక్కిళ్ళవాళ్ళు మొహమాటానికి ఒక చెయ్యి ఆనించి తోసినట్టు నటిస్తే, ఇతను మాత్రం భుజం ఆనించి, పళ్ళు బిగించి, తన పాపాన్నేదో వీధి చివరిదాకా నెట్టుకుపోతున్నట్టు తోసేవాడు. నిజానికి అతను చేస్తున్నది అదే. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు.

“ఎవురప్పా ఈ కాలంలో ఇట్లా వచ్చేది? తోడబుట్టిన తమ్ముడు గూడా రాడు” అంటూ నల్లప్ప భార్య రామక్క లోటా నిండా కాఫీ తెచ్చేది.

“వద్దొదినా, ఇంట్లో తాగొచ్చినా.”

“సిగ్గుపడతాండాడు సూడు!” అని ఆమె ఇంకాస్త పోసేది.

ఆ కాఫీ తాగే హక్కు తనకు లేదని మునిరాజకు తెలుసు. పారబోయడానికీ మనసు రాక తాగేవాడు.

మునిరాజది కురబలకోట పక్కన గొర్రెలు మేపుకునే ఇల్లు. మంద వెనక తిరగమంటే రేడియో చంకలో పెట్టుకుని తిరిగినవాడు. అది పాడైతే విప్పాడు, విప్పినదాన్ని మళ్ళీ బిగించలేక మదనపల్లెలో రేడియోలు బాగుచేసే అంగడికి మోసుకెళ్ళాడు, అక్కడే పనికి కుదిరాడు. తొంభైల్లో టేపురికార్డర్ లేని ఇల్లు లేదు కాబట్టి చేతినిండా పని. హేమావతిని పెళ్ళి చేసుకున్నాక ఆమె ఊరైన పుంగనూరులో, బస్టాండు పక్కన సొంతంగా చిన్న అంగడి పెట్టాడు. కాలం తిరిగింది. టేపురికార్డర్లు అటకెక్కాయి. జీపుల్లో, వ్యానుల్లో పాటల సెట్లు బిగించే పని ఒక్కటే మిగిలింది.

పక్క అంగడి గంగులయ్యది. బ్యాటరీలు చార్జింగు పెట్టడం, అమ్మడం ఆయన వృత్తి. యాసిడ్ చుక్కలు పడి ఆయన చొక్కాలన్నిటికీ జల్లెడలాగా చిల్లులుండేవి. పెళ్ళికి వేసుకెళ్ళే చొక్కా ఒక్కటి మాత్రం భద్రంగా పెట్టెలో ఉండేది. కొత్తగా వచ్చిన మునిరాజకు కరెంటు పోయినప్పుడల్లా ఒక బ్యాటరీ ఇచ్చి, “నీ డబ్బా దీనికి తగిలించుకో రా మునీ” అనేది ఆయనే. తన దగ్గరికొచ్చిన డ్రైవర్లను “పాట సరిగ్గా రాలేదంటే పక్కనే ఉండాడు, సూపించుకో పో” అని పంపేదీ ఆయనే. ఆయన చెయ్యి పడిన బ్యాటరీ మీద ఊళ్ళో ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

అటువంటి ఊళ్ళోకి నల్లప్ప మదనపల్లె నుంచి ఒక ఆంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు తెచ్చాడు. పెళ్ళిళ్ళకు బాడుగకు పోయే వ్యాను కాబట్టి పాట అదిరిపోవాలని అతని కోరిక. బిగించమని మునిరాజ ముందు వ్యాను నిలిపిన రోజే ఒక పెళ్ళి బాడుగ ఒప్పుకుని ఉన్నాడు.

“ఇంగా ఎంతసేపప్పా? పెండ్లికూతురోళ్ళు పట్టుచీరల్లో ఆడ నిలబడుకోనుండారు.”

“అయిపోతాండాదన్నా.”

ఆంప్లిఫయరుకు మూడు తీగలు ముఖ్యం. బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే లావు తీగ ఒకటి, ఇనుప బాడీకి బిగించే ఎర్తు తీగ ఒకటి. మూడోది సన్నది. లేవాల్సినప్పుడు లేవమని, పడుకోవాల్సినప్పుడు పడుకోమని ఆంప్లిఫయరుకు చెప్పేది అదే. నల్లప్ప పాత క్యాసెట్టు సెట్టులో ఆ మూడో తీగకు చోటు లేదు. అలాంటప్పుడు దాన్ని తాళంచెవి తిప్పితేనే కరెంటు వచ్చే తీగకు కలపాలి. అందుకోసం స్టీరింగు కింద తల దూర్చి వెతకాలి. మునిరాజకు ఇదంతా తెలుసు. కానీ నల్లప్ప హారను కొడుతున్నాడు. చేతికి దగ్గరలో లావు తీగ కనబడుతోంది. సన్నదాన్ని దానికే చుట్టేశాడు. పాట గణగణ మోగింది. సాయంత్రం వచ్చాక మార్చేద్దాం అనుకున్నాడు.

సాయంత్రం వ్యాను వచ్చింది. ముందు పాట వచ్చింది, వెనక వ్యాను వచ్చింది. బస్టాండులో జనం మూగారు. నల్లప్ప దిగి మునిరాజను కావలించుకుని, “గుండెకాయ బయటికొచ్చి ఎగరతాండాదప్పా!” అన్నాడు. అంత పొగడ్తలో సన్న తీగ ఎవరికి గుర్తుంటుంది? ఆ తర్వాత నల్లప్ప వడ్రంగితో ఆంప్లిఫయరు చుట్టూ చెక్కపెట్టె చేయించాడు. రామక్క దానికి ఎర్ర వెల్వెట్టు గుడ్డ కుట్టింది.

అప్పటినుంచి వ్యాను వరసగా బాడుగలకు తిరిగినన్నాళ్ళు, నడిచే ఇంజనే బ్యాటరీని నింపుతుంది కాబట్టి, బాగానే ఉండేది. రెండు రోజులు ఇంటి ముందు నిలిచిందంటే మూడో పొద్దుకు చచ్చిపోయేది. నల్లప్ప పాట ఆపి పడుకున్నా ఆంప్లిఫయరు మాత్రం పడుకోకుండా, గుటక గుటకగా బ్యాటరీని తాగుతూ కూర్చుంటోందని ఎవరికి తెలుసు? తప్పు బ్యాటరీదన్నారు. గంగులయ్య దాన్ని దించుకుని చూశాడు, చార్జింగు పెట్టాడు, బాగుందని ఇచ్చాడు. మళ్ళీ అదే. ఆయన రోషానికి పోయి తన చేతులారా కొత్తది పెట్టాడు. మళ్ళీ అదే.

టీకొట్టులో దాన్ని పట్టుకున్నారు. బెంచీ మీద నుంచి ఎవడైనా లేవడానికి బద్ధకిస్తే, “వీనికి గంగులయ్య బ్యాటరీ ఏసినట్టుండారు, నాలుగు తోపులు తోయండప్పా” అనేవారు. మొదట్లో మునిరాజ కూడా అందరితోపాటు నవ్వాడు.

ఆ నవ్వు ఒక పొద్దున ఆగిపోయింది. తోయడానికి ముందు వ్యానులోని సంచీ పక్కకు జరుపుతూ వెల్వెట్టు పెట్టె మీద చెయ్యి వేశాడు. మంచు పడే పొద్దున, రెండు రోజులుగా కదలని వ్యానులో, ఆ పెట్టె పిల్లి పడుకుని లేచిన చోటులాగా వెచ్చగా ఉంది. అరచెయ్యి అక్కడే ఉండిపోయింది. మూడో తీగ గుర్తొచ్చింది.

గుట్టుగా సరిచేద్దామనుకున్నాడు. “అన్నా, ఆ పెట్టె ఒకసారి విప్పి దుమ్ము దులుపుతా” అన్నాడు.

“ముట్టుకున్నావంటే సూడు! బాగా పాడతాండేదాన్ని యాల కెలకాల?” అన్నాడు నల్లప్ప. బాడుగ లేనప్పుడు వ్యానులోనే పడుకునే మనిషి. అతని కళ్ళు కప్పి ఒక మేకు తీయడం కూడా కుదరదు.

చెప్పేద్దామా అంటే నోరు రాలేదు. మూడు తీగలు కలపడం రానివాడని పేరొస్తే, ఉన్న ఒక్క పనీ పోతుంది. అందుకని పిలవకపోయినా పోయి, భుజం ఆనించి తోయడం మొదలుపెట్టాడు. హేమావతికి మాత్రం చెప్పక తప్పలేదు. భుజానికి జండూబామ్ రాస్తూ ఆమె, “నోటితో అయ్యే పనికి భుజం యాల నొప్పిచ్చుకుంటాండావు?” అంది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంతలో కుప్పంలో పెళ్ళి వచ్చింది. నల్లప్పకూ గంగులయ్యకూ ఇద్దరికీ చుట్టాలే. వ్యాను నిండా మనుషులు ఎక్కారు. గంగులయ్య చిల్లుల్లేని చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. చుట్టం కాకపోయినా మునిరాజను నల్లప్ప రెక్క పట్టి ఎక్కించాడు. “నువ్వు రాకపోతే ఆడ ఎవురప్పా తోసేది? నీది మంచి చెయ్యి.”

వ్యాను రెండు రాత్రులు సత్రం ముందు నిలిచింది. తిరుగు ప్రయాణంనాడు నల్లప్ప తాళం తిప్పాడు. టిక్కుమంది, అంతే. పెళ్ళికొచ్చినవాళ్ళంతా తాంబూలం నములుతూ చుట్టూ నిలబడ్డారు. నల్లప్పకు తల కొట్టేసినట్టయింది. కోపం ఎప్పటిలాగే బ్యాటరీ మీదికి పోయింది.

“ఇదో సూడండి, బ్యాటరీ ఇచ్చిన మహానుభావుడు మన వ్యానులోనే ఉండాడు! దిగు మామా. పంచె ఎగ్గట్టుకోని నువ్వే తోయి.”

జనం నవ్వారు. గంగులయ్య పంచె ఎగ్గట్టి దిగాడు. వెనక్కి వచ్చి మునిరాజ పక్కన చేతులు ఆనించాడు. వ్యాను కదిలింది. నాలుగడుగులు వేశాక ఆయన, మునిరాజకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు:

“నాకు కండ్లే కానరావడం లేదో, చెయ్యే తప్పతాండాదో తెలీదు మునీ. యాసిడ్ సూసినా, నీళ్ళు సూసినా, అన్నీ సరిగ్గానే ఉండాయి. అయినా చార్జింగు నిలబడ్లేదు. ఇంగ నా పనితనం అయిపోయింది. నెలాఖరుకు అంగడి మూసేస్తా.”

మునిరాజ భుజం తీసేశాడు. వ్యాను ఆగింది.

“ఏమైందప్పా?” అని నల్లప్ప తల బయట పెట్టాడు.

“బ్యాటరీలో తప్పు లేదన్నా. మామది తప్పు లేదు. తప్పు నాది.”

వ్యాను పక్కనే నిలబడిన రామక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. “సూసినారా! పెద్దాయన మీద మాట పడకూడదని తన మీదేసుకుంటాండాడు. ఎంత మంచోడమ్మా!”

“లేదొదినా, నిజంగా నాదే.”

“గమ్మునుండప్పా, నీ మంచితనం మాకు తెలీదా?”

తోసి తోసి సంపాదించిన మంచి పేరు మునిరాజకు అడ్డంగా నిలబడింది. ఇక మాటలతో కాదని వ్యానులోకి ఎక్కి, వెల్వెట్టు గుడ్డ పరపరా చించాడు. రామక్క కెవ్వుమంది. చెక్క ఊడబీకి, నల్లప్ప చెయ్యి పట్టుకుని ఆంప్లిఫయరు మీద పెట్టాడు.

“వెచ్చగా ఉండాది” అన్నాడు నల్లప్ప.

“పాటెప్పుడు ఆపినావు?”

“మొన్న సాయంత్రం.”

“ఇది మాత్రం మొన్నటినుంచీ పడుకోలేదన్నా. నేను పడుకోనీలేదు. ఎంత మంచి బ్యాటరీ ఇచ్చినా ఇది తాగేస్తాది.” ఆ సన్న తీగ ఎక్కడ చుట్టాడో, ఎక్కడ చుట్టాల్సిందో చూపించాడు. తనకు ఎప్పుడు తెలిసిందో కూడా చెప్పాడు. అది చెప్పేటప్పుడు గంగులయ్య వైపు చూడలేకపోయాడు.

నల్లప్ప తిట్లు కుప్పం స్టేషనులో దిగినవాళ్ళకు కూడా వినబడి ఉంటాయి. తీగ పీకినంత మాత్రాన చచ్చిన బ్యాటరీ లేవదు కాబట్టి వ్యానును తోయక తప్పలేదు. “ఇంగ ఎవురూ చెయ్యెయ్యొద్దండి” అంది రామక్క. వీధి పల్లంగా ఉండబట్టి ఒక్కడే తోసినా బతికిపోయాడు కానీ, స్టార్టయ్యేసరికి మునిరాజ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

దారి పొడుగునా వ్యానులో పాట లేదు, మాట లేదు. పలమనేరు దాటాక గంగులయ్య వెనక్కి తిరక్కుండానే అన్నాడు: “కుప్పంలో సెప్పినావు, సరే. ఆడ నా బ్యాటరీ కొనేదెవురు?”

మర్నాడు పొద్దున మునిరాజ అంగడి తెరవకుండా నేరుగా టీకొట్టుకు పోయాడు. గంగులయ్య అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మునిరాజ నిలబడి, అందరూ వినేటట్టు మొదటినుంచీ చెప్పాడు. హారను కొడుతుంటే తొందరపడి తీగ చుట్టేసింది, చేతికి వెచ్చగా తగిలింది, తెలిసీ నోరు మూసుకుని తోసింది, రామక్క కాఫీలు తాగింది. మొదట నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. టీకొట్టు నడిపే లక్ష్మయ్య గ్లాసు కడుగుతూ, “ఇంతకాలం పెద్దాయన్ని ఎన్నేసి మాటలంటిమి” అని తనలో తాను అనుకున్నాడు. మునిరాజకు చెవులు కాలిపోతున్నాయి. వెళ్ళిపోదామని అడుగు తీశాడు.

“యాడికప్పా?” అన్నాడు గంగులయ్య. పాల క్యాన్లు దించి అప్పుడే లోపలికొస్తున్న మనిషిని చూపించాడు. “ఇతను వినలేదు. మళ్ళీ సెప్పు.”

బెంచీ మీద కాస్త జరిగి మునిరాజకు చోటు చేసి, లక్ష్మయ్యను ఇంకొక టీ అడిగాడు.

మునిరాజ గొంతు సవరించుకుని, నల్లప్ప మదనపల్లె నుంచి ఆంప్లిఫయరు తెచ్చిన రోజు దగ్గర మొదలుపెట్టాడు.