నన్ను ఆఖరి సీట్లో కూర్చోబెట్టిన మా అమ్మాయి

మా పెద్దమ్మాయి ఇక లేదని అల్లుడు ఫోను చేసిన పొద్దున నేను పెరట్లో దండెం మీది బట్టలు దులుపుతున్నాను. కిరందుల్‌లో ఆరేసిన బట్ట దులపకుండా మడత పెట్టలేం, ఇనుప గని దుమ్ము ఎర్రగా పట్టేసి ఉంటుంది. "అత్తయ్యా, మామయ్యగారికి ఫోనివ్వండి" అన్నాడు. ఎప్పుడు చేసినా ముందు నాతోనే మాట్లాడే మనిషి. ఆ ఒక్క మాటతోనే నాకు తెలిసిపోయింది. ఫ్యాక్టరీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే గుండె ఆగిపోయిందట. యాభై ఏళ్ళు కూడా నిండలేదు.

జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ దాకా కారులో వెళ్ళి, అక్కణ్ణుంచి విమానమెక్కి, తనని చూడ్డానికి వెళ్ళాం. అంత దూరం రోడ్డు మీద వెళ్ళినా నాకు కడుపులో తిప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఈ సంగతి ఇక్కడెందుకు అనుకుంటారేమో. మా అమ్మాయి గురించి చెప్పాలంటే నా కడుపు గురించి చెప్పక తప్పదు. నవ్వు వస్తే నవ్వుకోండి, తనూ నవ్వేది.

మాది విజయనగరం వైపు పల్లె. నా చదువు ఐదో తరగతితో సరి. మా ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్ కావడంతో పెళ్ళయిన ఏడాదే ఈ బస్తర్ కొండల్లోకి వచ్చి పడ్డాను. రైలు నాకు పడుతుంది, ఎన్ని సొరంగాలు దాటినా ఏమీ కాదు. బస్సు పడదు. నిమ్మాకు వాసన చూశాను, చింతపండు చప్పరించాను, ఎవరో చెబితే కాగితం పరుచుకుని కూర్చున్నాను. బస్సు కదిలిందంటే నా పని అయిపోయేది.

అమ్మాయి హైస్కూల్లో ఉండగా కళ్ళు చూపించడానికి జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి బయల్దేరాం. ముందు సీట్లు గని ఉద్యోగులు పట్టేశారు. మేము ఆఖరి వరసలో, సంతకు వెళ్ళే ఆడవాళ్ళ పక్కన. బచేలి దాటిందో లేదో, ముందు నిలబడ్డ ఒక పెద్దమనిషి ప్యాంటు మీదే కక్కేశాను. కండక్టరు బస్సు ఆపించి "ఏ మాయీ, ఉతరో ఉతరో" అంటూ దిగిపొమ్మన్నాడు. చుట్టూ అడవి. నేను సంచీ తీసుకుని లేచాను. అమ్మాయి మాత్రం కదల్లేదు. హిందీలో అందరికీ వినబడేలా అడిగింది.

"ముందు కూర్చున్నవాళ్ళు ఎవరైనా కక్కారా? లేదు కదా. ఇంకో ఇద్దరు కూడా కక్కారు, ఇద్దరూ ఈ వరసే. మా అమ్మ తప్పు కాదు, మీ బస్సు తప్పు."

అందరికంటే ముందు నవ్వింది డ్రైవరు. ఆయన బస్తర్ మనిషే, పెద్దాయన. గీదంలో టీకి ఆపినప్పుడు ఈ పిల్లని పిలిచి బస్సు కిందికి వంగి చూడమన్నాడు. చక్రాల మీద కుదుపు ఆపే కమాను పట్టీలు చూపించాడు. "చూడు బేటీ, వెనకవి ఎంత మందమో. ఇవి బరువు కోసం వేసినవి, మనిషి కోసం కాదు" అన్నాడు. అది కింద దూరి, వాటిని తడిమి, పరికిణీ నిండా గ్రీజు పూసుకుని వచ్చింది. ఆ రోజు దాన్ని ఎంత తిట్టానో. అది వినలేదు. వెనక్కి తిరిగి ఆ చక్రాలకేసే చూస్తోంది.

పది పాసయ్యాక మా ఆయన నర్సు చదువు చదవమన్నారు.

"నాను బస్సుల సదువు సదువుతాను నాన్నా" అంది.

"బస్సులకి సదువేటే? తాళం తిప్పితే ఎల్తాది, నేదంటే నలుగురు తోస్తే ఎల్తాది."

"ఎల్లడం కాదు నాన్నా. ఎలాగెల్తాదో సూడాల."

విశాఖపట్నంలో ఇంజినీరింగు చదివింది. మహారాష్ట్రలో బస్సులు తయారుచేసే ఒక కంపెనీలో చేరింది. ఆ వర్క్‌షాపులో ఆడపిల్ల ఇదొక్కతే. మొదట్లో ఎవరూ పని చెప్పేవారు కాదట. ఖాళీగా ఉండలేక టెస్టుకు పోయే ప్రతి బస్సూ ఎక్కి ఆఖరి సీట్లో కూర్చునేదట. పొద్దస్తమానం రాళ్ళ దారిలో ఎగిరెగిరి పడి, దిగొచ్చి, ఎక్కడ ఎంత కుదిపిందో చెప్పేదట. "ఎనక కూకున్నోళ్ళకి బాగుంటే ముందరోళ్ళని అడగక్కర్నేదమ్మా" అనేది. ఆ మాట పట్టుకునే పైకెళ్ళింది. ఇంజినీరు, మేనేజరు, చివరికి ఆ కంపెనీలో బస్సులు చేసే విభాగం మొత్తానికీ పెద్ద. వీధిలో ఎవరైనా నీ కూతురేం చేస్తుందని అడిగితే, బస్సులు కుదపకుండా చూస్తుంది అని చెప్పేదాన్ని. తనకి చెబితే, "నా విజిటింగ్ కార్డు మీద రాసిందానికంటే అదే బాగుందే" అంది.

చేతిలో అధికారం పడ్డాక ఒక పద్ధతి పెట్టింది. కొత్త బస్సు ఏది తయారైనా మార్కెట్లోకి పంపే ముందు ఒకసారి కిరందుల్ రావాలి, దాంట్లో నేను ఎక్కాలి. కంపెనీలో కొందరు, మేడమ్ అమ్మను చూడ్డానికి దారి వెతుక్కుందని వెనక నవ్వుకున్నారట. "అదీ నిజమే" అని వాళ్ళ ముందే ఒప్పేసుకుందట.

ఎక్కే ముందు ఖాళీ కడుపు కుదరదు. పప్పు, చేపల పులుసు, పైన పెరుగు, అన్నీ తన ఎదురుగా తినాలి. "పెళ్ళికెళ్ళొచ్చే జనం ఖాళీ కడుపుతో ఎక్కుతారా?" అనేది. నన్ను ఆఖరి సీట్లో కూర్చోబెట్టి, తను పక్క సీటులో నాకేసి తిరిగి కూర్చుని, నా పెదాలే చూసేది. సీటు కింద ఏవో తీగలు, కుదుపు కొలిచే ఒక మిషను. పెదాలు తెల్లబడగానే మిషను చూసేవాళ్ళతో "ఇక్కడ గుర్తు పెట్టండి" అనేది. "మిషను సెప్పిందీ నువ్వు సెప్పిందీ కలిస్తే ఆ పూట నాకు నిద్ర పడతాదమ్మా." కలిసేవి, చాలాసార్లు.

అంతకు ముందు, ఇంకా మేనేజరుగా ఉన్నప్పుడు, ఒకసారి నన్ను వాళ్ళ ఫ్యాక్టరీకి తీసుకెళ్ళింది. కొత్త బస్సుకి పూజ, పూలదండలు, యజమాని, అతిథులు. అందరినీ ఎక్కించుకుని బస్సు ఫ్యాక్టరీ చుట్టూ తిరిగింది. దిగాక యజమాని మర్యాదగా "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు. నేను అమ్మాయి మొహం చూశాను. అది చెప్పు అన్నట్టు తలూపింది. "ముందు బాగుంది బాబూ, ఎనక బాగోలేదు" అన్నాను. తనే దాన్ని హిందీ చేసి చెప్పింది, ఒక్క ముక్క కూడా తగ్గించకుండా. ఆ బస్సు వెనక్కి వెళ్ళింది. ఆ ఏడాది తనకి రావలసిన ప్రమోషను వేరేవాళ్ళకి వెళ్ళింది. నేను బాధపడితే, "ప్రమోషను మళ్ళీ వస్తాదే. బస్సు రోడ్డెక్కినాక మళ్ళీ రాదు" అంది. ఆ రాత్రి నాకంటే బాగా నిద్రపోయింది.

ఆదివారాలు ఫోను చేసి ఆరోగ్యం అడిగేముందు, "ఎక్కడికైనా ఎళ్ళినావా? ఏ బస్సు? ఏ సీటు?" అని అడిగేది. ఇంటికొస్తే కంపెనీ కారు జగదల్‌పూర్‌లోనే వదిలేసి జనంతో వచ్చేది. నక్సలైట్ల గొడవల్లో దారులు తెగిపోయిన రోజుల్లో దంతెవాడలో చిక్కుకుని, ఆడవాళ్ళ మధ్య జీపులో ఇరుక్కుని, ఒళ్ళో ఎవరిదో బుట్ట పెట్టుకుని వచ్చింది. అలా వచ్చిన రోజే చెప్పింది. "బుట్ట పట్టుకున్న మనిషికి కమ్మీ పట్టుకోడానికి సెయ్యి ఉండదమ్మా. ఆ మనిషిని సీటే పట్టుకోవాల."

తన ఆఖరి బస్సు ఆ మాటలోంచే పుట్టింది. అడవి ఊళ్ళ దారులకని చేసిన పొట్టి బస్సు. మెట్టు కిందికి, వెనక తలుపు పక్కన బుట్టలకు చోటు. వానలు తగ్గాక తెస్తానంది. తనే వెళ్ళిపోయింది.

నెలమాసికం అయిన కొన్నాళ్ళకి తన కింద పనిచేసే గుంటూరు ఇంజినీరు ఆ బస్సు తీసుకొచ్చి మా గుమ్మం ముందు ఆపాడు. "అమ్మ ఎక్కకుండా పంపొద్దని మేడమ్ చెప్పారండీ. ఆ మాట దాటలేక వచ్చాను" అన్నాడు. మా ఆయన వద్దన్నారు. నేను తిని, ఎక్కి, ఆఖరి సీట్లో కూర్చున్నాను. మిగతా సీట్లలో మనుషుల బరువుకి ఇసుక మూటలు కట్టారు. అమ్మాయి నాకేసి తిరిగి కూర్చునే పక్క సీటులోనూ ఇసుక మూటే.

దంతెవాడ దారి పట్టాం. బచేలి దాటగానే బస్సు ఆపమని దిగి, కక్కేశాను.

ఇంజినీరు నీళ్ళసీసా ఇచ్చి, నేను మొహం కడుక్కునేదాకా ఆగాడు. తర్వాత అడిగాడు. "అమ్మగారూ, ఇది బస్సు వల్లేనాండీ? లేకపోతే..."

"తెలీదు బాబూ" అన్నాను. నిజంగానే తెలీదు.

"తెలీదంటే కుదరదండీ. ఈ బస్సులో లాభం తక్కువని మావాళ్ళు మొదట్నించీ అంటున్నారు. మేడమ్ ఉన్నారు కాబట్టి ఆగారు. ఇప్పుడిది వెనక్కి వెళితే మళ్ళీ బయటికి రాదు. బాగుందని ఒక్కమాట అనండి, చాలు. ఎవరూ మిమ్మల్ని మళ్ళీ అడగరు." అతని కళ్ళలో నీళ్ళున్నాయి. చెడ్డవాడు కాదు, మా అమ్మాయి బస్సు బతకాలనే అతని తాపత్రయం.

బాగుందంటే నా కూతురి పేరు మీద అబద్ధం. బాగోలేదంటే, నా దుఃఖాన్ని తెచ్చి దాని బస్సు మీద పెట్టడం కావచ్చు. రేపు చెప్తాననేసి ఇంటికొచ్చాను.

వసారాలో కూలబడితే మా ఆయన మంచినీళ్ళు తెచ్చారు. జరిగింది చెప్పాను. కొండ మీది గనిలో రోజూ మధ్యాహ్నం పేల్చే మందు మోగి, వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. అవి సద్దుమణిగాక ఆయన అన్నారు.

"పాప పోయిన్నుంచి నువ్వు ఏడవనేదే. వొచ్చినోళ్ళకి టీలు పెట్టినావు, ఉన్నోళ్ళకి అన్నం పెట్టినావు. కడుపులో ఇంత బరువెట్టుకుని బస్సెక్కితే అదేటి సేస్తాది?"

అప్పుడు ఏడ్చాను. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చేలా ఏడ్చాను.

మర్నాడు ఇంజినీరుతో చెప్పాను, ఇసుక మూటలు దించేయమని. "వాటితో నేను మాటాడలేను బాబూ. సంతకెళ్ళేవాళ్ళని ఎక్కించు." అనుమతి లేదని నసిగాడు. టెస్టు డ్రైవరు, ఎన్నో ఏళ్ళుగా మా అమ్మాయి బస్సులన్నీ నడిపిన మరాఠీ ఆయన, అప్పటికే మూటలు దించడం మొదలుపెట్టాడు. దారిలో చెయ్యెత్తిన వాళ్ళందరినీ ఎక్కించాం. తెలుగు సరిహద్దులోని కొంటా వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎండు చేపలు అమ్ముకునే ఆమె టికెట్ లేదంటే నమ్మలేదు.

"ఏందమ్మా, ఎలక్షన్లొచ్చినయా?"

"రాలేదు. మా అమ్మాయి బస్సిది."

"నీ బిడ్డ ఎక్కలేదేంది మరి?"

"పోయింది" అన్నాను. పైకి ఎవరితోనైనా ఆ మాట అనడం అదే మొదలు. ఆమె గంప నా కాళ్ళ దగ్గర పెట్టి, నా పక్కనే ఇరుక్కుని కూర్చుని, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. ఎండు చేపల వాసన ముక్కులోకి కొడుతోంది. మా అమ్మాయి చూస్తే ఇంతకు మించిన పరీక్ష ఉండదని మురిసిపోయేది. దారంతా ఆమె తన కోడలి మీద చాడీలు చెబుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. బచేలి వచ్చింది, దాటింది. నిన్న ఆపించిన చోటు ఎప్పుడు వెనకబడిందో చూసుకోలేదు.

ఆ తర్వాత పల్లంలోకి దిగే మలుపులో ఒక్కచోట కడుపు కాస్త కదిలింది. ఇది నిన్నటిలాంటిది కాదు, నేను ఎరిగినదే. బస్సుది.

దిగాక ఇంజినీరుకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎత్తు ఎక్కేటప్పుడు బాగుంది, చదునులో బాగుంది, ఆ దిగుడు మలుపులో వెనక భాగం ఒక పక్కకి జారినట్టుంది. అతను మిషను చూశాడు, డ్రైవరుకేసి చూశాడు. "అక్కడే చూపిస్తోందండీ. చిన్న పని, సరిచేయొచ్చు. బస్సు బాగోలేదంటే ఆపేస్తారు గానీ, ఈ పని మిగిలుందంటే ఆపలేరు" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "పాసేనాండీ?"

"అది సరిచేస్తే పాసు" అన్నాను.

సరిచేశారు. మరుసటి ఏడు వానలు వెళ్ళాక ఆ బస్సు దంతెవాడ దారిలో తిరగడం మొదలైంది. నేను టికెట్ కొనుక్కుని ఆఖరి సీట్లో కూర్చున్నాను. ఆ డ్రైవరూ కండక్టరూ నన్నెరగరు. ఎరగాల్సిన పనీ లేదు. నా పక్కన ఒక గోండు ముసలమ్మ, ఒళ్ళో బుట్ట, భుజాన అంబలి నింపిన సొరకాయ బుర్ర. పల్లం మలుపు వచ్చే ముందు ఆమెకి దాహం వేసింది. వద్దని చెప్పబోయి ఆగాను. ఆమె బుర్ర వంచి, ఆకు దొప్ప నిండా అంబలి పోసి, ముందు నాకు అందించింది. రెండు చేతులతో పట్టుకున్నాను. బస్సు మలుపు తిరిగింది. దొప్పలో అంబలి అంచుదాకా వచ్చి, అక్కడ ఆగి, మెల్లగా వెనక్కి వెళ్ళింది.