విగ్గు రాజు నాణెం

ఇంగ్లండు రాజుల పేర్లూ అంకెలూ నా బుర్రకెక్కవు. అందుకే నా నాణేలకి నేనే పేర్లు పెట్టుకున్నాను: ముసుగు రాణి, లావుమెడ రాజు, విగ్గు రాజు. మేముండే ఒషావాలో నెలకో ఆదివారం ఒక కమ్యూనిటీ హాల్లో నాణేల సంత జరుగుతుంది. అక్కడ ఒక ముసలాయన టేబుల్ దగ్గరే నేను కొంటాను. అరిగినవి, గీతలు పడ్డవి, చిల్లులున్నవి ఆయన వేరే ట్రేలో పెడతాడు. నా తాహతు ఆ ట్రే వరకే. చిల్లున్నదాన్ని నాణేలు సేకరించే అసలు సిసలు కలెక్టర్లు ముట్టుకోరు కాబట్టి, మూడు వందల ఏళ్ళ నాటి వెండి కూడా నాలాంటిదానికి అందుతుంది.

ఈ పిచ్చి అమ్మమ్మ వల్ల పట్టుకుంది. పసితనంలో నా మొలతాడుకి ఆవిడ కట్టిన చిల్లుకానీ నా గాజుల పెట్టెలో ఉండిపోయింది. దాని మీద కిరీటం ఉంది, తల లేదు. నడుమ అంత చిల్లు పెట్టాక తలకి చోటెక్కడిది? ఆ తల ఎవరిదో చూద్దామని వెతకబోయి, ఒక్కో రాజునీ దాటుకుంటూ వెనక్కి వెళ్ళాను. "మేడంగారి దర్బారుకి ఇవాళ ఎవరొచ్చారు?" అని మా ఆయన ఆటపట్టించేవాడు.

పెళ్ళైన చాలా ఏళ్ళకి నా కడుపు పండింది. ఐదో నెలలో ఆ ట్రేలో విగ్గు రాజు దొరికాడు. చిన్న వెండి నాణెం, రాజు తల పైన సన్నటి చిల్లు. ఎవరో ఎప్పుడో దారం ఎక్కించి ఎవరికో కట్టే ఉంటారు. బేరం కూడా ఆడలేదు. ఇంటికొచ్చి నల్లదారం పేనాను. పాపైనా బాబైనా ఇరవై ఒకటో రోజున మొలకి ఇదే కడతానన్నాను.

బాబు ఏడో నెల నిండకుండానే పుట్టేశాడు. గాజుపెట్టెలో, ట్యూబుల మధ్య, నా అరచేతి కంటే కాస్త పెద్దగా ఉన్నాడు. నాణెం గుచ్చిన దారం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండేది. ఎనిమిదో రోజున డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచి, ఇక ఆశ లేదన్నట్టే మాట్లాడారు. తిరిగొచ్చాక నర్సు మెల్లగా అడిగింది, బాబు దగ్గర పెట్టాలనుకున్నది ఏమైనా ఉందా అని. మా ఆయన నా బ్యాగు వైపు చూశాడు.

"కట్టేద్దామే. కట్టడం కుదరకపోతే పక్కనైనా పెడదాం. నర్సు కూడా ఓకే అంటోంది కదా."

"ఇరవై ఒకటో రోజు కదా కట్టేది? మీకంత తొందరేంటి?" అని కసిరాను.

ఆచారాల మీద నాకంత పట్టింపేమీ లేదు. తిథులూ వారాలూ ఏనాడూ చూసిన మనిషిని కాను. కానీ ముందే కట్టేస్తే ఆ ఇరవై ఒకటో రోజు ఇక రాదని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు అనిపించింది. బ్యాగు జిప్పు మూసేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మర్నాడు పొద్దున్నే బాబు పోయాడు. నడుముకి దారప్పోగు కూడా లేకుండా పంపాను నా బిడ్డని. ఆ మొండితనానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. మా ఆయన ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నాలుగు దులిపినా బాగుండేది.

రెండేళ్ళు ఆ సంత వైపే వెళ్ళలేదు. మొన్న వెళ్ళాను. ముసలాయన నన్ను గుర్తుపట్టి, టేబుల్ కింద నుంచి చిన్న కవరు తీశాడు. అందులో మళ్ళీ విగ్గు రాజే. చిల్లు లేదు, విగ్గు ఉంగరాలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి.

"మీకోసమే దాచాను. మీ చిల్లుది నాకిచ్చేసి ఇది తీసుకోండి. పైన ఏమీ ఇవ్వక్కర్లేదు," అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. కలెక్టర్లందరూ చేసేదే అది. మెరుగైనది దొరికితే పాతది వదిలేస్తారు.

"సారీ, ఇవ్వలేను. అది మా అబ్బాయిది," అన్నాను. 'మా అబ్బాయి' అనే మాట అంతవరకూ బయటివాళ్ళ దగ్గర ఎప్పుడూ అనలేదు.

ఆయన ముఖం వెలిగింది. "అబ్బాయి కూడా కలెక్ట్ చేస్తాడా! ఎన్నేళ్ళు?"

"తొమ్మిది రోజులు," అన్నాను.