లోపలి నుంచి తెరుచుకోని తలుపు

ఒంటిచేత్తో కారు తలుపు ఊడబెరికి పెళ్లాం ప్రాణం కాపాడిన మొనగాణ్ణి నేను. ఎనభైల్లో ఒక వేసవి మధ్యాహ్నం అల్లుడి కొత్త కారులో అద్దంకి నుంచి గుంటూరు బయలుదేరాం. వెనక సీట్లో నేనూ, ఉబ్బసం ఉన్న మా ఆవిడా. మా కాళ్ల దగ్గర కూతురింటికని ఎండుమిరపకాయల బస్తా. మార్టూరులో ఇంటి నేలకు రాళ్లు చూసొస్తానని అల్లుడు దిగాడు. రాతిపొడి పడుతుందని మేము అద్దాలు ఎత్తే ఉంచాం. నేను కాళ్లు చాపుకోబోయి బస్తాను తన్నాను. మూతికుట్టు తెగి ఘాటు గుప్పుమంది. మా ఆవిడకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఊపిరాడలేదు.

పిడి లాగితే తలుపు రాలేదు. ఇంటిదగ్గరున్న మనవడు కారెక్కినప్పుడు దారిలో తలుపు తీసుకుని పడిపోకుండా అల్లుడు చైల్డ్ లాక్ వేసి ఉంచాడట. అది వేస్తే తలుపు బయటి పిడికే తెరుచుకుంటుంది. మాకా సంగతి తెలియదు. ఎంత అరిచినా రాళ్లు పాలిష్ చేసే మిషన్ల మోతలో ఎవరికీ వినపడలేదు. ముందు సీట్లోకి దూరబోతే నా బొజ్జ అడ్డం.

"నిన్ను బయట పడెయ్యకపోతే నా పేరు మార్చుకుంటానే!" అని పిడి పట్టుకుని గుంజాను.

నిజం చెప్పాలిగా, ఊడింది లోపలి పిడి మాత్రమే. ఆ తర్వాత అద్దం దించి, చెయ్యి బయటపెట్టి తలుపు తీశాను. మొండితనం మంచిదే గానీ, ఊపిరాడనప్పుడు ముందు అద్దం దించాలని ఆ రోజే తెలిసింది.

ఇది చదివి మా ఆవిడ అంది: "అద్దం దించిందీ, తలుపు తీసిందీ నేనండీ. మీరు ఊడిన పిడి పట్టుకుని అల్లుడికేం చెప్పాలా అని ఏడుస్తున్నారు."