చేయి సాగని నాళ్లలో మా అత్త

మనుమరాలు నిన్న సజ్జ గంజి కుండకు మూత పెట్టకుండా వదిలేసింది. పొద్దున్నే ఆ పులిసిన వాసన తగలగానే, దాన్ని తిట్టబోయిన నోరు ఆగిపోయింది. మగ్గం మీదికి ఎక్కించే ముందు పడుగు నూలుకు పట్టించే గంజి వాసన అది. తమిళనాట మా ఊరు విరుదుపట్టిని విరుదునగరం అనడం జనానికి అప్పుడప్పుడే అలవాటవుతున్న కాలంలో, మా అత్త లింగమ్మ చీర కుచ్చిళ్లను ఎన్నడూ విడవని వాసన. ఆమెను ఎరిగినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.

నేను కోవిల్‌పట్టి నుంచి కోడలిగా వచ్చేనాటికే మామ పోయారు. మా వీధిలో ఆడవాళ్లు నూలు చుట్టేవాళ్లే కాని మగ్గం గుంటలో దిగి నేసేవాళ్లు కారు. అత్త దిగింది. నా భర్త కోవిల్‌పట్టి పత్తి మిల్లులో పనికి పోయి ఎప్పుడో ఒకనాడు వచ్చేవాడు. మోకాళ్లు మడవలేకపోయాక అత్త నన్ను గుంటలో దించి, తాను పక్కన కాళ్లు చాపుకొని కూర్చుని తెగిన పోగులు అతికేది. మొదటి ఏడాదిలో ఒకనాడు నాకు ఏదీ కుదరలేదు. పోగు వెంట పోగు తెగింది. పంతానికి పోయి సాయంత్రానికి మూరెడు గుడ్డ నేశాను. అత్త కళ్లు మూసుకొని దాన్ని బొటనవేలితో తడిమింది.

"ఏం మే, గుడ్డ నేసినావా, కోపం నేసినావా?"

"ఎట్లో మూరెడు అయింది కదత్తా."

"ఊడదీయి."

అడ్డపోగులు ఒక్కొక్కటే వెనక్కి లాగి కండెకు చుట్టించింది. జానెడు నూలైనా పారేయనివ్వలేదు. "చేయి సాగనినాడు మొండికి నేస్తే, ఆ పని రేపు మళ్లా సేయాల. రెండునాళ్లు దండగ," అంది. అప్పుడు నాకు అది పిసినారితనంగానే తోచింది.

తరువాత నాకు తొలి కూతురు పుట్టింది. నేసే ఇళ్లలో ఉయ్యాల తాడును మగ్గం కాలిపలకకు కడతారు. తల్లి పలక తొక్కినప్పుడల్లా ఉయ్యాల ఊగుతుంది, గుడ్డా పెరుగుతుంది. పదకొండు నెలలు అలా తొక్కాను. పన్నెండో నెలలో జ్వరం వచ్చి మూడునాళ్లకే పాప పోయింది. మైల తీరాక గుంటలో దిగి పలక మీద కాలు పెట్టాను. తాడు లేదు, అత్త ముందే విప్పేసింది. పలక పూచికపుల్లలా తేలికగా దిగిపోయింది. నా కాలు మళ్లీ కదలలేదు.

మగ్గం మీద సగం పడుగు మిగిలే ఉంది. నూలు ఇచ్చే షావుకారు ఆడి అమావాస్యకు గుడ్డ అడుగుతాడు. కాకపోతే మిగిలిన పడుగు కోయించి మరో ఇంటికి ఇస్తాడు. కోత పడిన ఇంటికి మళ్లీ నూలు రావడం నెలల మాట. అది తెలిసి కూడా నాకు చేతులాడలేదు. పుట్టింటికి పంపేయమని ఏడ్చాను.

"పోవద్దు, నేయనూ వద్దు. గుంటలో దిగి సుమ్మా, ఊరికే కూసో," అంది అత్త. "తెగిన పోగు ఒకటి అతుకు. మాపటికి పడుగు వదులు సెయ్యి. పొద్దున బిగించు. అదే పని."

అలాగే కూర్చున్నాను. ఎదురింటి సుబ్బమ్మ గుమ్మంలో నిలబడి, "ఏం లింగక్కా, కోడలు గుంటలో తపసు సేస్తా ఉందా?" అంది.

"అది పోగులు సూస్తా ఉంది. నువ్వు పోయి నీ పిండి సూడు, కుక్క సగం తినేసింది," అంది అత్త, తలెత్తకుండా.

తొమ్మిదో నాడు నాడె విసిరాను. జానెడు వచ్చింది, వంకరగా. అత్త జాలిపడుతుందనుకున్నాను. తడిమి చూసి, "ఊడదీయి. ఈ గుడ్డ కట్టుకునేదానికి నీ బిడ్డ సంగతి తెలీదు," అంది. ఆ మాటకు ఆమెను చాలాకాలం క్షమించలేదు. కాని ఊడదీశాను. మరునాడు జానెడు సరిగా పడింది.

అమావాస్య వచ్చేసరికి ఇంకా ఆరు మూరలు మిగిలాయి. షావుకారు మనిషి కత్తి తెచ్చాడు. కోత వంకర పోకుండా అత్తే పడుగును రెండు చేతులా బిగబట్టింది. సంక్రాంతి వచ్చే తై నెల దాకా మా మగ్గానికి నూలు రాలేదు. ఆ వయసులో అత్త పత్తి కొట్టంలో గింజలు ఏరడానికి పోయింది. తలనిండా దూదితో, దగ్గుతో తిరిగివచ్చేది. నావల్లనే ఇలా అయిందని ఒక్కనాడూ అనలేదు. తై నెలలో కొత్త పడుగు వచ్చింది, నేశాను. ఆ దగ్గు మాత్రం ఆమెను వదలలేదు. మంచం పట్టాక ఒకనాడు అడిగాను.

"అత్తా, ఆ నాళ్లలో మొండికైనా నేసి ఉంటే నీకు ఈ గతి పట్టేది కాదు గదా?"

చాలాసేపు దగ్గి, "గుడ్డ ముగిసుండును," అంది. "నువ్వు మళ్లా గుంటలో దిగుండవు."

ఆ దగ్గుతోనే ఆమె పోయింది. ఆమె మాట నిజమో కాదో తెలుసుకోవడానికి మరో దారి లేదు. ఆమె మరణం నా ఖాతాలోదేనని కొన్నినాళ్లు అనిపిస్తుంది, కాదని కొన్నినాళ్లు. ఆ తరువాత ముప్పై ఏళ్లకు పైగా నేశాను. భర్త పోయినప్పుడూ, కళ్లు మసకబారినప్పుడూ చేయి సాగని నాళ్లు వచ్చాయి. అప్పుడు నేయలేదు, లేచీ పోలేదు. పొద్దున పడుగు బిగించి, ఒక పోగు అతికి, మాపటికి వదులు చేసి లేచాను.