గోడ వెనక వంక

మా ప్రైవేటు యూనివర్సిటీలో నా ఉద్యోగం, సూటిగా చెప్పాలంటే, ముందే భయపడటం. అగ్నిప్రమాదం, ర్యాగింగ్, పేపర్ లీక్, మెస్సులో పాడైన భోజనం: ఏ ముప్పు ఎటునుంచి రావచ్చో చెప్పినందుకే నాకు జీతం.

క్యాంపస్ వెనక కొత్త ప్రహరీని వంకకు అడ్డంగా లేపుతున్నారని మీటింగులో చెప్పాను. ఏడాదిలో చాలా నెలలు ఆ వంకలో ఇసుక తప్ప ఏమీ ఉండదు. కానీ నేను పుట్టింది పక్క ఊళ్ళోనే. వాన పట్టిన రోజుల్లో నాయన నన్ను భుజాన ఎక్కించుకుని దాన్ని దాటించేవాడు. ఆయన నడుము దాకా నీళ్ళుండేవి. ఇప్పుడు ఆ గోడ పక్కనే ఆడపిల్లల హాస్టల్. కింది అంతస్తులో నా కూతురు.

చైర్మన్ గారు నవ్వారు. "అన్నిటికీ వంకలు పెట్టేదే నీ పని. ఇప్పుడు నిజంగానే ఒక వంకను పట్టుకొచ్చినావు గదమ్మా!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

కార్తీకంలో ముసురు పట్టింది. మూడు పూటలా అదే వాన. సాయంత్రం కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, కిటికీ బయట గోడకు చెమట పట్టినట్టుండాది. అవతల ఏందో చప్పుడు."

వెంటనే చైర్మన్ గారికి ఫోన్ చేసి, కింది పిల్లల్ని పైకి మార్చాలన్నాను.

"వద్దమ్మా. ఎవరన్నా వీడియో తీసి పెడితే అడ్మిషన్లు ఏం గావాల? అదీ రిస్కే గదా, నువ్వే సెప్పు."

ఆయన పెట్టేయగానే వార్డెన్‌కు చేశాను. "అక్కా, కింద గదుల్లోకి పాము దూరిందంట. పిల్లోళ్ళను పైకి పంపించు."

ఇన్నాళ్ళూ నేను చెప్పిన నిజానికి ఎవరూ కదల్లేదు. ఆ అబద్ధానికి మాత్రం కింది అంతస్తంతా పరుపులు ఎత్తుకుని మెట్లెక్కింది.

గోడ పడలేదు. తెల్లారి వాన కాస్త తెరిపిచ్చాక చైర్మన్ గారు వచ్చి దాన్ని అరచేత్తో తట్టారు.

"సూడమ్మా, ఎట్ల నిలబడిందో!"

చెయ్యి తడైంది. ప్యాంటుకు తుడుచుకుని, పిల్లల్ని కిందికి దించమన్నారు. పైనే ఉంచుదామన్న నా మాట మళ్ళీ నవ్వులో కొట్టుకుపోయింది. ఇంకో వాయుగుండం పుట్టిందని అప్పటికే ఫోన్లలో వార్తలు వస్తున్నాయి.

నా కూతురు పరుపు చంకన పెట్టుకుని దిగింది.

"పాము దొరికిందా అమ్మా?"

"లేదు తల్లీ," అన్నాను. "ఈడే ఉండాది."