గంజి వదిలిన జాకెట్

కొత్త నూలు చీరను నీళ్ళలో ముంచగానే గంజి వాసన గుప్పుమంది. వెనక మా అత్తమ్మ నిలబడి గొంతు సవరించుకున్నట్టే అనిపించింది. ఆమె పోయి చాలా కాలమైంది. చిట్యాల దగ్గర మాది చేనేత ఇల్లు. నూలుకు గీతలు పెట్టి, ముడులు కట్టి, రంగులద్దడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. గంజి విషయంలోనైతే మరీ పట్టుదల. "గంజి పోతే బట్ట పరువు పోతది" అనేది.

ఆమె ఉన్న రోజుల్లోనే నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. తర్వాత రోజూ ఇంటి నుంచే వెళ్ళొచ్చేలా హైదరాబాదులో రేడియేషన్ మొదలుపెట్టారు. మా వాళ్ళ మాటలో చెప్పాలంటే కరెంటు. అది ఎక్కడ పెట్టాలో తెలిసేలా ఛాతీ మీద రంగు పెన్నుతో గీతలు గీశారు. వాటిని చూసి అత్తమ్మ మొదటిసారి డాక్టర్లను మెచ్చుకుంది. "మనం నూలుకు పెట్టినట్టే పెట్టిండ్రు. గీత దాటితే డిజైనంత ఖరాబైతది" అంది. ఆ మెప్పుతో ఆగితే బాగుండేది. చెమటకు గీతలు వెలిసిపోతుంటే ఒకరోజు కుంచె, రంగు గిన్నె పట్టుకొని వచ్చింది.

"జర కదలకు. మన రంగు బట్ట చినిగినా పోదు."

"వద్దత్తమ్మా, చెరిగితే వాళ్ళే గీస్తరట. మనం ముట్టుకోవద్దన్నరు" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. కుంచె, గిన్నె తీసుకొని మగ్గం దగ్గరికి వెళ్ళిపోయింది.

కొన్ని వారాలకు చర్మం ఎర్రబడి, నల్లబడి, చంక కింద మండసాగింది. పుండు పడితే రేడియేషన్ కొన్నాళ్ళు ఆపాల్సి రావచ్చని, మెత్తటి వదులు బట్టలే వేసుకోమని, తామిచ్చిన మందు తప్ప పసుపు, నూనె ఏమీ రాయొద్దని డాక్టరమ్మ చెప్పింది. వైద్యం మధ్యలో ఆగిపోతుందేమోనని నా గుండెల్లో రాయి పడింది. అత్తమ్మ వెంటనే తను నేసిన బట్టతో వదులు జాకెట్ కుట్టించింది. ప్రేమ కొద్దీ గంజి కూడా దండిగా పెట్టింది. నేల మీద పెడితే అది తనంతట తానే నిలబడింది. వేసుకొని చెయ్యి ఎత్తగానే నేను పెట్టిన కేకకు పక్కగదిలో మగ్గం ఆగిపోయింది.

తెల్లారి నల్లా దగ్గర చప్పుడైతే చూశాను. ఆ జాకెట్‌నే అత్తమ్మ నీళ్ళు మార్చి మార్చి పిసుకుతోంది. ఎదురింటామె నోరు తెరిచి నిలబడింది. "ఏందక్కా, నువ్వే గంజి తీస్తున్నవా?"

"పరువు పోతే పోనీ తియ్. నా కోడలి తోలు నిలవాలె" అంది అత్తమ్మ, తలెత్తకుండా.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చర్మం మండింది గాని పగలలేదు. రేడియేషన్ ఆగలేదు.

ఆ పక్క చర్మం ఇప్పటికీ కాస్త గట్టిగానే ఉంటుంది. అందుకే ఏ కొత్త బట్టయినా గంజి వదిలించాకే కట్టుకుంటాను. పెళ్ళిళ్ళలో "మగ్గమున్న ఇంటి కోడలివి, గిట్ల నలిగిన చీరేంది?" అని అడుగుతారు. మా అత్తమ్మ చేసిన అలవాటు అంటాను. ఆమెను ఎరిగిన వాళ్ళెవరూ నమ్మరు.